తేనె రంగు షాండ్లియర్

మా ఊరి ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివే కుర్రాళ్ళు మొన్న నన్ను పిలిచి కూర్చోబెట్టి, "సార్, ఖతార్‌లో అంతకాలం చేశారు కదా, మీ సర్వీసు మొత్తంలో అన్నిటికంటే కష్టమైన పని ఏది?" అని అడిగారు. ఏ స్టేడియం లైట్ల గురించో, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు గురించో చెబుతాననుకున్నట్టున్నారు. నేను ఒక గాజు ఆకు గురించి చెప్పడం మొదలుపెట్టాను. వెనక బెంచీలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. నవ్వండి నాయనా, నవ్వండి. రేపు మీరూ పెట్టె సర్దుకుని విమానం ఎక్కేవాళ్ళే. ఆరోజు కథ సగంలో ఉండగానే బెల్లు కొట్టేశారు. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను, తీరిగ్గా చదువుకోండి.

నా ఉద్యోగం పేరు షాండ్లియర్ టెక్నీషియన్. దోహాలో పెద్ద ఇళ్ళకీ హోటళ్ళకీ వేలాడే దీపాలు అమ్మే కంపెనీ మాది. అమ్మడం షోరూం వాళ్ళ పని. వేలాడదీయడం, దించడం, కడగడం, మళ్ళీ వేలాడదీయడం మా పని. మా ఆవిడ ఇక్కడ బంధువులకి, "మా ఆయన బూజు దులపడానికి విమానం ఎక్కి వెళ్ళాడు, ఇంట్లో మాత్రం చీపురు ముట్టడు" అని చెప్పేది. ఏం చేస్తాం, అందులో అబద్ధమేమీ లేదు.

ఈ దీపాల్లో రెండు రకాలుంటాయి. ఒకటి మిషన్ మీద కోసిన క్రిస్టల్. దాంట్లో అన్ని ముక్కలూ ఒకేలా ఉంటాయి. ఒకటి పగిలితే స్టోర్లోంచి ఇంకోటి తెచ్చి తగిలిస్తాం, ఎవరికీ తెలీదు. రెండోది ఇటలీ చేతి గాజు. వెనిస్ పక్కన మురానో అని ఒక దీవి ఉంది. అక్కడ తరతరాలుగా కొలిమి ముందు నిలబడి గొట్టంతో ఊది, పటకారుతో లాగి, ఒక్కొక్క ముక్కా చేత్తో చేస్తారు. అందులో ఏ రెండు కొమ్మలూ ఒకేలా ఉండవు.

ఈ సంగతులన్నీ నాకు నేర్పింది ఒక ఇటలీ ముసలాయన. ఒక హోటల్ లాబీలో దీపం బిగించడానికి వాళ్ళ ఫ్యాక్టరీ పంపితే వచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు ఇటలీ భాష రాదు. అయినా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతి సైగలతో ఒకరినొకరు తిట్టుకుంటూ శుభ్రంగా మాట్లాడుకున్నాం. టిఫిన్ టైములో తన పెట్టెలోంచి నమూనా ముక్కలు తీసి చూపించేవాడు. ఒకదాంట్లో గాజు లోపల తెల్లటి దారాలు జడలాగా మెలికలు తిరిగి ఉన్నాయి. దారాలు కాదు, అవీ గాజే. పాలలాంటి తెల్ల గాజుని సన్నటి పుల్లలుగా సాగదీసి, మామూలు గాజులో పొదిగి, వేడి మీద మెలిపెడతారట. ఇంకోదాంట్లో రంగురంగుల పువ్వులు. రంగు గాజు కడ్డీని బెండకాయలా చక్రాలు తరిగి, వాటిని పక్కపక్కన పేర్చి కరిగిస్తే ఆ పువ్వులు వస్తాయి. ఒక ముక్కలో ఆకుపచ్చ గాజు మీద నీలం, నీలం మీద తెలుపు, గాజులో గాజు ముంచి తీసింది. ఒకదాంట్లో బంగారు రేకు నలిగి మెరుస్తూ ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయనకి మహా సంతోషం.

అయితే పనికొచ్చే మాటలు మూడు చెప్పాడు. పువ్వు పట్టుకుని ఎత్తకు, కొమ్మ మొదలు పట్టుకో. ఒక కొమ్మ తగిలిస్తే వెంటనే దాని ఎదురు కొమ్మ తగిలించు, లేకపోతే బరువు ఒక పక్కకి పోతుంది. ఏ కొమ్మ కన్నం ఆ కొమ్మదే, పక్క కన్నంలో పెట్టి నొక్కావో, టక్! ఆ "టక్" అనేటప్పుడు ఆయన మొహం చూడాలి, ఇంట్లో ఎవరో పోయినట్టు పెట్టేవాడు.

నేను పెట్టిన రూలు కూడా ఒకటుండేది మా వర్క్‌షాపులో. ఎంత మురికి దీపమైనా ఒక్క ముక్క కడగకుండా పక్కన ఉంచాలి. కస్టమర్ వచ్చి కడిగినదాన్నీ కడగనిదాన్నీ పక్కపక్కన చూసి సరే అన్నాక, అప్పుడు దాన్ని కడగాలి. ఎందుకంటే, "ముందు కూడా ఇలాగే ఉండేది, మీరేం చేశారు?" అనేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళ నోరు మూయించడానికి పెట్టిన రూలది. అదే ఎదురు తిరుగుతుందని ఎవరనుకున్నారు?

ఇక నా జోడీ సంగతి. పేరెందుకులెండి, జగిత్యాల తమ్ముడు అందాం. ముందు రాస్ లఫాన్‌లో స్కాఫోల్డింగ్ పని చేసి, తర్వాత మా కంపెనీకి వచ్చాడు. ఎత్తంటే భయం లేదు. నిచ్చెన చివర నిలబడి ఫోన్లో పెళ్ళాంతో మాట్లాడేవాడు, కింద నాకు చెమటలు పట్టేవి. ఉండేది బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో. మా వర్క్‌షాపు ఇండస్ట్రియల్ ఏరియాలోనే కాబట్టి దగ్గర. వాళ్ళమ్మ ఊళ్ళో అందరికీ, "మావోడు దుబాయ్‌ల దీపాలు కడుగుతడు" అని చెప్పుకునేదట.

"అది దుబాయ్ కాదు, ఖతార్ అని చెప్పలేకపోయావా?" అన్నాను ఒకసారి.

"చెప్పిన అన్నా. 'ఏ దుబాయ్ అయితేంది బిడ్డా, మంచిగున్నవ్ గదా' అన్నది."

పనిలో వాడికి వంక పెట్టలేం. ఒక్క మరక కూడా మిగలనివ్వడు. కానీ వాడికొక భయం ఉండేది. అంతకుముందు ఎక్కడో చిన్న కంపెనీలో ఎవరో ఖరీదైన వస్తువు పగలగొడితే, ఆ మనిషిని ఆ వారంలోనే ఇంటికి పంపించేశారు. అది వాడు కళ్ళారా చూశాడు. అప్పటి నుంచి గాజు చేతిలో ఉన్నంతసేపూ వాడి నోట మాట వచ్చేది కాదు. పని అయిపోయాక మాత్రం వాగుడే వాగుడు.

ఒకరోజు ఫరీజ్ అబ్దుల్ అజీజ్ నుంచి పిలుపొచ్చింది. దోహాలో పాత పేట అది. అక్కడి ఖతారీ కుటుంబాలు చాలావరకు కొత్త విల్లాలకి వెళ్ళిపోయాయి. ఈ ఇంటి పెద్దావిడ మాత్రం కదలనంది. పిల్లలంతా వేరే చోట ఉన్నా ఆవిడ ఆ పాత ఇంట్లోనే ఉండిపోయింది. పనివాళ్ళందరూ ఆవిణ్ణి "మామా" అనేవాళ్ళు. అక్కడ ఇంటి పెద్దావిణ్ణి అలాగే పిలుస్తారు, మేమూ అదే పిలుపు. భర్త పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు మనవడి పెళ్ళి. పెళ్ళికి వచ్చే మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ హాలుకి రంగులు వేయిస్తున్నారు. అందులో వేలాడే షాండ్లియర్ దించి, కడిగి, మళ్ళీ పెట్టాలి.

మాతో మాట్లాడింది ఆవిడ పెద్ద కొడుకు. ఇంచుమించు నా ఈడువాడు, మాట కటువు. షాండ్లియర్ కింద నిలబడి గర్వంగా తల ఎత్తి చూపించాడు. "మా నాన్న ఇటలీ నుంచి తెప్పించాడు. తేనె రంగు గాజు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఈ రంగు దోహాలో ఇంకెక్కడా లేదు" అన్నాడు.

నిజంగానే తేనె రంగు. కొమ్మలు, పువ్వులు, ఆకులు అన్నీ ఒకటే రంగు, కింద లేతగా, పైకి పోయేకొద్దీ ముదురుగా. కొంత పొగ పట్టి ఉంటుందని నాకు తెలుసు. ఆ ఇళ్ళల్లో సాయంత్రమైతే నిప్పుల మీద ఊదు చెక్క వేసి ధూపం పెడతారు, బఖూర్ అంటారు. అతిథి వచ్చాడంటే బఖూర్, వెళుతున్నాడంటే బఖూర్. "సార్, కడిగితే కొంచెం రంగు తగ్గొచ్చు" అన్నాను. "తగ్గదు. ఇటలీ గాజు" అన్నాడాయన. తేనె రంగు గాజు ఇటలీవాళ్ళు చేస్తారు, నేనూ చూశాను. ఇక వాదన ఎందుకని ఊరుకున్నాను.

ఆయన ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. మా తమ్ముడు నిచ్చెన ఎక్కి ఒక్కొక్క ముక్కా తీసి అందిస్తుంటే నేను గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో పెట్టాను. మధ్యలో ఉన్న ఇత్తడి గొట్టం మాత్రం రాలేదు. కొక్కెం దగ్గర నట్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాన్ని అక్కడే వదిలేసి ప్లాస్టిక్ చుట్టాం. ఇంకో చిన్న సంగతి. ఆ గొట్టం చుట్టూ వరసగా గాజు ఆకులు ఉన్నాయి. ఒక్కో ఆకు కాడకి ఒక ఇత్తడి మేకు, అది గుంటలో దిగుతుంది. అన్ని ఆకులూ కిందికి వాలి ఉంటే ఒక్కటి మాత్రం మొన సీలింగ్ వైపు తిరిగి ఉంది. ఎవరో దుమ్ము దులిపేటప్పుడు తిరిగిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

కడిగే రోజు మా మేనేజరు, ఈజిప్టు ఆయన, నన్ను వేరే హోటల్‌కి పంపించాడు. వర్క్‌షాపులో తమ్ముడొక్కడే కడిగాడు. తొట్టి అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్ళల్లో సబ్బు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో, ఎలా చెయ్యాలో అలాగే చేశాడు. సాయంత్రం నేను గేటు దాటేసరికే గుప్పున ఊదు వాసన. లోపల టేబుల్ మీద చూసి అక్కడే ఆగిపోయాను.

తేనె రంగు లేదు. ఆనవాలు కూడా లేదు. మంచినీళ్ళలాంటి గాజు. ఒక్కో కొమ్మ లోపల తెల్ల దారమూ గులాబీ దారమూ పెనవేసుకుని మొదలు నుంచి చివరి దాకా పాకాయి. పువ్వుల అంచులు లేత నీలం. ఆకుల్లో బంగారు రేకు. ఇటలీ ముసలాయన పెట్టెలో చూసిన ముక్కలన్నీ కలిసి చెట్టయినట్టుంది. ఎంత అందమో! ఇప్పుడు ఆ పెద్ద కొడుక్కి ఏం చెప్పాలి?

తమ్ముడు మెల్లిగా అడిగాడు. "అన్నా, గిది మనం తెచ్చిందేనా?"

"నన్నడుగుతావేం? కడిగింది నువ్వు! నమూనా ముక్క ఏది? కడగకుండా పెట్టింది?"

వాడు నేల చూపులు చూశాడు. "అది గూడ కడిగిన అన్నా. అన్ని గింత మంచిగ మెరుస్తుంటే అదొక్కటి నల్లగ ఉంటే చూడబుద్ధి కాలే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రూలు ఎందుకు పెట్టానురా?" అని వర్క్‌షాపు ఎగిరిపోయేలా అరిచాను. పని అయిపోయినా ఆరోజు వాడి వాగుడు లేదు. నా తిట్లకి బిక్కచచ్చిపోయాడనుకుని, పాపం అనిపించి టీ తెప్పించాను. టీ కూడా తాగలేదు. వచ్చే వారం వాడు లీవు మీద ఇంటికి వెళ్ళాలి. కూతురు పుట్టింది, ఇంకా ఫోన్లోనే చూశాడు. ఆ బెంగేమో అనుకున్నాను.

మర్నాడు మూడు గంటల వేళ అసర్ నమాజు అయ్యాక ఆ ఇంటికి వెళ్ళి తగిలించడం మొదలుపెట్టాం. మజ్లిస్‌కి కొత్త రంగు వేశారు, గోడల పొడుగునా కొత్త సోఫాలు. కొమ్మకి ఎదురు కొమ్మ, కొమ్మకి ఎదురు కొమ్మ, అన్నీ బుద్ధిగా వాటి కన్నాల్లో కూర్చున్నాయి. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇంతలో పెద్ద కొడుకు వచ్చాడు. గుమ్మంలో నిలబడి పైకి చూశాడు. ఫోన్ తీసి ఫొటో చూశాడు, మళ్ళీ పైకి చూశాడు.

"ఇది మాది కాదు" అన్నాడు.

"మీదే సార్. పొగ పోయింది."

"పొగా? నేను నా దీపం రంగు ఎరగనా? మాది తేనె రంగు. మాది ఎవరికో అమ్ముకుని ఏదో గాజు తెచ్చి పెట్టారు."

కడగని ముక్క ఒక్కటుంటే చాలు, చేతిలో పెట్టి చూపించేవాణ్ణి. లేదు. కొమ్మలు చూపించాను. "చూడండి సార్, మధ్య గొట్టం ఈ ఇంట్లోంచి కదల్లేదు. వేరే దీపం కొమ్మలైతే ఈ కన్నాల్లో కూర్చోవు" అన్నాను. "దొంగపని చేసేవాడు కన్నం చూసుకోకుండా చేస్తాడా?" అన్నాడు. ఆయన మా మేనేజర్‌కి ఫోన్ చేశాడు. మేనేజరు ఆఘమేఘాల మీద వచ్చాడు. ఇద్దరూ అరబీలో మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క మాట మాత్రం మళ్ళీ మళ్ళీ వినబడింది. "హరామీ." అరబీలో దొంగ అని.

అప్పుడు పెద్ద కొడుకు వేలు ఎత్తి ఆకుల వరస చూపించాడు. "అదిగో, అక్కడ ఆకు ఏది?"

చూశాను. నిజమే. ఒక గుంట ఖాళీగా ఉంది. నేను కొమ్మల గొడవలో పడి గమనించలేదు. తమ్ముడి వైపు చూస్తే వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

మేనేజరు నన్ను పక్కకి లాగాడు. "నాకు నీ సంగతి తెలుసు. వాడి సంగతి తెలీదు. కడిగింది వాడొక్కడే. వీళ్ళు కేసు పెడితే నేను చేసేదేం లేదు, వాడు దేశం దాటలేడు. ఆ ఆకు ఎక్కడుందో కనుక్కో" అన్నాడు. వచ్చే వారం కూతుర్ని ఎత్తుకోవలసినవాడు దొంగ అనిపించుకుని పోలీస్ స్టేషన్‌లో కూర్చుంటాడా?

ఆ అరుపులకి మామా వచ్చింది. చేతికర్ర పట్టుకుని, ఒంటి నిండా నల్ల అబాయాలో, నెమ్మదిగా. భర్త ఉన్నన్నాళ్ళూ మగవాళ్ళ మజ్లిస్‌లో ఆవిడ కూర్చునేది కాదట. ఆయన పోయాకే మధ్యాహ్నాలు వచ్చి ఒక్కతే కూర్చోవడం మొదలుపెట్టింది. అందరం లేచి నిలబడ్డాం. కొడుకు గబగబా ఏదో చెప్పాడు. ఆవిడ వినలేదు, తల ఎత్తి షాండ్లియర్‌ని చూస్తోంది.

తర్వాత నా వైపు తిరిగి హిందీలో, "ఒక కొమ్మ కిందికి తియ్యి" అంది. ఆ తరం ఖతారీలకి బొంబాయి వ్యాపారాల వల్ల హిందీ బాగానే వచ్చు. మధ్యమధ్య అరబీ కలుపుతుంది, అంతే. ఇక్కడ మన తెలుగులో రాస్తున్నాను.

ఒక్క కొమ్మ తీస్తే బరువు తప్పుతుంది కదా, ఎదురుది కూడా తీసి రెండూ తెచ్చాను. ఆవిడ ఒకటి తీసుకుని, లోపలి తెల్ల దారం వెంట బొటనవేలితో రాసింది. పెదాలు ఏదో గొణిగాయి. తర్వాత తల ఎత్తి, "ఆకుల్లో ఒకదానికి మొన తెగి ఉంటుంది. అది చూపించండి" అంది.

నాకు ఏమీ అర్థం కాలేదు. పైనున్న ఆకులన్నిటికీ మొనలు ఉన్నాయి. ఖాళీ గుంట ఒక్కటే. కొడుకు చేతులు చాచి, "చూశావా యుమ్మా? లేదు. మనది అయితే ఉండేది" అన్నాడు.

అప్పుడు మా తమ్ముడు కదిలాడు. గుమ్మం దగ్గర పెట్టుకున్న అన్నం సంచీ తీశాడు. టిఫిన్ డబ్బా పక్కన తువ్వాలు చుట్ట. అది విప్పితే అందులో గాజు ఆకు. మొన లేదు.

మజ్లిస్‌లో కొడుకు అరిచిన అరుపుకి గోడలు అదిరాయి. "హరామీ! సంచీలో ఉంది! దొంగ!" అని మేనేజర్ మొహం మీదకి వెళ్ళాడు. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు.

తమ్ముడు ఆకు పట్టుకునే ఉన్నాడు. వాడికి హిందీ బాగా వచ్చు, కానీ ఆ నిమిషంలో తెలుగే వచ్చింది. "అన్నా, నేను దొంగను గాదని చెప్పన్నా. కడుగంగ చూసిన, మొన లేదు. నా చేతిల్నే పలిగిందనుకున్న. ఎరుకైతే ఇంటికి తోలుతరని దాచిన. ఇయ్యాల తగిలిద్దామనే తెచ్చిన, ధైర్యం చాలలే. నా బిడ్డ మీద ఒట్టు."

ఆ మాటలే నేను హిందీలో మామాకి చెప్పాను. ఒరేయ్ పిచ్చి తమ్ముడూ, కడగకముందే ఒకసారి చూసుకుని ఉంటే ఆ విరుపు మీద కూడా తేనె రంగు కనబడేది కదరా! పాత విరుపో కొత్త విరుపో అదే చెప్పేది. వీడు పొగ కడిగేసి, శుభ్రమైన విరుపు చూసి, తన నేరమే అనుకున్నాడు. విరిగింది అని నాతో ఒక్క మాట అంటే సరిపోయేది. కుర్రాళ్ళూ, మీకోసం ఇది విడిగా రాస్తున్నాను: ముందు చూడండి, తర్వాత కడగండి, ఏదైనా విరిగితే నోరు తెరిచి చెప్పండి.

మామా చెయ్యి చాపింది. "తే."

వాడు వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ విరిగిన చోట గోరుతో తడిమింది. ఆ తర్వాత నవ్వింది. చిన్నగా కాదు, ఒళ్ళంతా కదిలేలా నవ్వి, కర్ర పక్కన పెట్టి సోఫాలో కూలబడింది.

"ఇది విరిచింది వాడు కాదు. నేను" అంది.

అప్పుడు ఆ సంగతి చెప్పింది.

ఆ దీపం ఓడలో వచ్చిన రోజు ఈవిడ కొత్త పెళ్ళికూతురట. గడ్డి కుక్కిన చెక్కపెట్టెలు నడవలో దించారు. మగవాళ్ళు మేస్త్రీని పిలుచుకు రావడానికి వెళ్ళారు. ఇంటి ఆడవాళ్ళు ఆగలేక పెట్టెలు విప్పేశారు. గడ్డిలోంచి ఒక్కొక్క కొమ్మా తీసి, ఎండకి పట్టి, లోపలి దారాలు చూసి మురిసిపోయారు. అప్పుడే ఒక ఆకు ఈవిడ చేతిలోంచి జారింది. భర్త కోపిష్టి. ఏం చెయ్యాలో తోచక, దీపం తగిలించడానికి వచ్చిన పనివాడి కాళ్ళా వేళ్ళా పడింది. "మీ దేశం వాడే" అంది నన్ను చూసి. ఆయన నవ్వి, ఆ ఆకుని మొన సీలింగ్ వైపు తిప్పి పెట్టేశాడు. కింద నుంచి ఎవరికీ కనబడలేదు.

"నీ తండ్రి," అంది కొడుకుతో, "చనిపోయేదాకా వచ్చిన ప్రతివాడికీ ఏం చెప్పేవాడు? గుర్తు చేసుకో."

కొడుకు గొంతు తగ్గింది. "ఇటలీ నుంచి సముద్రం దాటి వచ్చినా ఒక్క ముక్క కూడా విరగలేదు అని."

"నేను తెర వెనక కూర్చుని అది విన్నప్పుడల్లా ముసుగు అంచు నోట్లో కుక్కుకునేదాన్ని."

కొడుకు ఫోన్ తీసి ఆ పాత ఫొటో పెద్దది చేసి చూశాడు. అన్ని ఆకులూ కిందికి, ఒక్కటి పైకి. ఆయన ఫొటోలోనే ఉంది. ఫోన్ మా మేనేజర్‌కి చూపించి, జేబులో పెట్టుకున్నాడు. క్షమించమని అనలేదు. కానీ కాఫీ పాత్ర తెప్పించి, మా తమ్ముణ్ణి మజ్లిస్ సోఫాలో కూర్చోబెట్టి, తనే నిలబడి స్వయంగా పోశాడు. అక్కడ చాలు అని చెప్పాలంటే చిన్న కప్పుని అటూ ఇటూ ఊపాలి. మావాడికి ఆ సంగతి తెలీదు. ఖాళీ చేసిన కొద్దీ ఆయన పోస్తూనే ఉన్నాడు, వీడు భయానికి తాగుతూనే ఉన్నాడు. చివరికి నేనే వాడి చెయ్యి పట్టుకుని కప్పు ఊపించాను. మేనేజరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో నా ప్రాణం లేచొచ్చింది.

మామా మాత్రం మళ్ళీ పైకి చూస్తోంది. "మరి ఆ తేనె రంగు ఏమిటి?" అని అడిగింది.

"ఊదు పొగ మామా. ఇన్నేళ్ళ బఖూర్."

"ఆయన వేసింది."

"అవును మామా."

"అది ఎక్కడ పోశారు?"

ఏం చెప్పను? "వర్క్‌షాపు కాలువలో" అన్నాను. ఆవిడ తల ఊపింది. "మంచి ఊదు వేసేవాడు. ప్రతి సాయంత్రం తనే వేసేవాడు, ఎవరినీ వెయ్యనిచ్చేవాడు కాదు" అని, అబాయా అంచుతో కళ్ళు ఒత్తుకుంది. ఉద్యోగంలో ఎన్నో కడిగాను, ఎవరూ అలా అడగలేదు. నాకు దుఃఖం వచ్చింది, పెట్టెలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఇక మిగిలింది ఆ ఆకు ఒక్కటే. తమ్ముడు దాన్ని తీసుకుని నిచ్చెన ఎక్కాడు. మేకు గుంటలో పెట్టి, మొన సీలింగ్ వైపు తిప్పి, "ఇట్లనే గదా అన్నా, ముందున్నట్టు?" అని అడిగాడు. నేను మామాని అడిగాను.

"వద్దు. కిందికి తిప్పు" అంది ఆవిడ.

"కిందికి పెడితే విరిగింది కనబడుతుంది మామా. పెళ్ళికి అందరూ వస్తారు."

"కనబడనీ" అంది. "ఇప్పుడు చూసి నన్ను కోప్పడడానికి ఎవరున్నారు?"

తమ్ముడు ఆకుని నెమ్మదిగా కిందికి తిప్పాడు. మామా దాని కిందికి వచ్చి నిలబడి, కర్రతో నేల మీద ఒకసారి తట్టి, "యల్లా, దీపం వెయ్యండి" అంది.